అవ్వ పాట కింద నా పేరు

పోయిన నెల ఒక మధ్యాహ్నం, తాడిమర్రి దగ్గరి పల్లె నుంచి ఒక పిల్ల హిందూపురంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వాళ్లమ్మ పెళ్లి వీడియో తీసింది నేనేనట, క్యాసెట్ డబ్బా మీద నా స్టూడియో పేరు చూసి వచ్చిందట. అవ్వ పోయి ఏడాది కావస్తోందని, ఆ పెళ్లిలో నలుగు పెడుతూ ఆమె పాడిన పాటను బెంగళూరులో ఉన్న బంధువులందరూ చూడాలని ఇంటర్నెట్లో పెడితే, అది వేరేవాళ్ల సొత్తని శబ్దం ఆపేశారట.

"మా అవ్వ గొంతు మా అవ్వది కాదంట! ఇదేం న్యాయం తాతా?" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టి, "ఈడ రాసుండే పేరు మీదే కదా?" అంది.

కళ్లద్దాలు సవరించుకుని చూశాను. హక్కులు ఏదో కంపెనీవి. రచన, సంగీతం అన్నచోట నా పేరు.

క్యాసెట్ల కాలంలో పెళ్లి చేసుకున్నవాళ్లకు మా పనితనం తెలిసే ఉంటుంది. తాళి కట్టేటప్పుడు ఒక సినిమా పాట, అప్పగింతలకు ఒక ఏడుపు పాట, మధ్యలో చుట్టాల మాటలూ పరాచికాలూ అన్నీ ఆ పాటల కింద తుడిచిపెట్టేసేవాళ్లం, పాటకు యజమాని ఉంటాడన్న ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు. అట్లాంటిది ఒకరోజు పాటల కంపెనీ మనుషులు పోలీసులతో వచ్చి, నాకు పని నేర్పిన పక్క స్టూడియో అన్నను క్యాసెట్లతో సహా స్టేషన్‌కు తీసుకుపోయారు. ఆ భయంతో, ఎవరూ వచ్చి అడగని పాట కోసం వెతుకుతుంటే, ధర్మవరంలో తీసిన ఆ పెళ్లి గుర్తుకొచ్చింది.

పెళ్లికూతురి తల్లి, ఇప్పుడు ఈ పిల్ల అవ్వ అంటున్న మనిషి, గొర్రెలు కాసుకునే ఇంటి ఆడది. ఉన్ని కత్తిరించే ముందు పొట్టేలును కడగడానికి వంక నీళ్లలోకి ఈడ్చినట్టు కొత్త అల్లుణ్ణి నలుగు పీట మీదికి ఈడ్చే పాటను ఆమే కట్టి పాడితే, వియ్యాలవారు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. దాని మీద సినిమా పాట వేయడానికి నాకే మనసు రాక అట్లాగే వదిలేశాను. ఆ పాటను అప్పటినుంచి ప్రతి పెళ్లి వీడియోలో వాడసాగాను. అది విని బెంగళూరులో పెళ్లిపాటల క్యాసెట్ వేసేవాళ్లు కావాలన్నారు, ఎవరు కట్టిన పాటో కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. ఆమెను అడగడానికి బస్సులో ఒక పూట ప్రయాణం. తీరిక లేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా పేరు అచ్చులో చూసుకోవాలనిపించింది.

కొన్నేళ్లకు పెనుకొండలో ఒక పెళ్లికి వీడియో తీయడానికి పోతే, మైకులో అదే పాట. దాని కిందే కూర్చుని వింటున్న ఆమె నన్ను గుర్తుపట్టింది.

"ఏమప్పా, నేను ఈడ కూసోనుంటే నా గొంతు ఆడ మైకులో అరుస్తాండాదే! నా పేరు ఏసినారా దాంట్లో?"

"వేసినారక్కా," అన్నాను.

చదువు రాని ఆ మనిషి పక్కనున్న ఆడవాళ్లను పిలిచి, "ఇంటిరా, బెంగళూరులో నా పేరు అచ్చేసినారంట! ఇంక నన్ను ఒసే అంటే పలకను పోండి," అని నవ్వింది. నిజం చెప్పడానికి ఆ పూటంతా నాకు సమయం ఉండింది. చెప్పకుండానే కెమెరా సర్దుకుని వచ్చేశాను.

ఆ పిల్లకు ఇదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆ క్యాసెట్ అవ్వ కొనుక్కోనొచ్చి అందరికీ చూపిస్తా ఉండె తాతా. మాకు చదువొచ్చినాక ఎంత వెతికినా పేరు కనపడలే. చిన్నచ్చరాల్లో ఉంటాదిలే, బాగా చూడండి అంటా ఉండె. సచ్చేదాకా అదే మాట," అంది.

కంపెనీకి ఉత్తరం రాశాను. ఆ కంపెనీ చేతులు మారిందట. నేను సంతకం పెట్టిన కాగితం ఉందని, ఆమెదే అనడానికి రుజువు పంపమని జవాబొచ్చింది. అవ్వ ఏడాది కర్మ అట్లాగే జరిగిపోయింది. చుట్టాలు ఫోన్లలో ఆమె పెదవులు కదలడం మాత్రం చూశారు. నాకు ఆ ఊరికి పోవడానికి ముఖం చెల్లలేదు.

ఇప్పటి పెళ్లిళ్లలో నలుగు దగ్గర పాడేవాళ్లు లేరు. ఒకామె మరిచిపోతే ఇంకొకామె అందుకునే కాలం పోయి, ఎవరో ఫోన్ నొక్కితే అవ్వ గొంతు వస్తుంది, తెర మీద నా పేరు వెలుగుతుంది. మొన్న మా వీధిలో పెళ్లికి అట్లాగే పెట్టారు. సగంలో ఫోన్ ఆగిపోతే ఆడపిల్లలు నా వైపు తిరిగి, మీ పాటే కదా, మీరే అందుకోండి అన్నారు. నోరు తెరిచాను. మొదటి చరణం తర్వాత నాకు రాదు.