ఒకదానికొకటి నప్పని కుర్చీలు

టేపక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆమెతో పనిచేసేవాళ్ళు అంటారు గానీ, అది ఆమెను తక్కువ చేసి చెప్పడమే. ముక్కు మీదికి రావాలన్నా కాస్త వ్యవధి పడుతుంది. ఆమె కోపానికి ఆపాటి ఓపిక కూడా లేదు. ఇళ్ళు మార్చే కంపెనీలో సామాను సర్దే ఆడవాళ్ళందరికీ ఆమె పెద్ద. టేపు చుట్టలు రెండు మూడు గాజుల్లా ముంజేతికి ఎక్కించుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే పలకదు.

ఎదుటివాళ్ళ ఇళ్ళు విప్పి, అట్టపెట్టెల్లో సర్ది, ఇంకోచోట దించడంలోనే ఆమె వయసంతా గడిచింది. పనిలో ఉండగా ఆమెకు ఒళ్ళు మండించే మాట ఒక్కటే: "అది వద్దులెండి, కొత్తింటికి నప్పదు." ఏళ్ళ తరబడి తండ్రి కూర్చుని పేపరు చదివిన కుర్చీ, పిల్లలందరూ పట్టుకుని నిలబడడం నేర్చుకున్న కుర్చీ, కొత్తింటి గోడల రంగుకు పడదని గేటు బయట పెట్టేస్తారు. "ఏం తప్పు చేసిందండీ అది? మీ బరువు మొయ్యనందా?" అని మొహం మీదే అడిగేసి ఎన్నోసార్లు మేనేజరు చేత చీవాట్లు తింది. తిని, లారీ తిరిగొచ్చేటప్పుడు ఆ కుర్చీని కూడా ఎక్కించుకుని ఇంటికి తెచ్చుకుంది.

అలా చేరినవే ఆమె ఇంట్లో కుర్చీలన్నీ. వీధి తలుపు పక్కన మూతబడ్డ సినిమా హాలు సీటు, ఇనుప చేతులతో, చెక్క పలక మీద బిగించినది. కిటికీ దగ్గర పేము కుర్చీ. వంటింటి మలుపులో ఎవరో హెడ్మాస్టారు వాడిన నిటారు కుర్చీ, దాని వీపుకు నిలువు కమ్ములు. పడగ్గది గుమ్మం పక్కన బ్యాంకువాళ్ళు పారేసిన రెగ్జిన్ కుర్చీ, చక్రాలు ఊడదీసి కాళ్ళు పెట్టించింది. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. నలుగురు వచ్చి కూర్చుంటే ఒకాయన తీర్పు చెప్పడానికి వచ్చినట్టూ, ఇంకొకాయన సంజాయిషీ ఇచ్చుకోవడానికి వచ్చినట్టూ కనిపిస్తారు. "ఒక సెట్టు కొనుక్కోరాదా అక్కా" అని ఎవరైనా అంటే చాలు, ఒంటికాలి మీద లేచేది.

"సెట్టు ఎన్నాళ్ళే? మొదటిసారి ఇల్లు మారేదాకా. ఆ తర్వాత ఒకదాని కాలు విరుగుతుంది, ఇంకోటి అన్నదమ్ముల పంపకాల్లో పోతుంది, మిగిలినవి ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చుంటాయి. నాకు తెలియని సెట్లా!"

ఆమె భర్త అదే కంపెనీలో లారీ నడిపేవాడు. ఇరుకు సందుల్లోకి లారీని వెనక్కి తీసుకురావడంలో ఆయన్ని మించినవాడు లేడనేవారు. చూపు మెల్లమెల్లగా పోయింది. కంటి నరం దెబ్బతిన్నదనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పిన రోజున టేపక్క ఆ డాక్టరు మీద, మందుల మీద, ఇన్నేళ్ళూ ఎదురొచ్చిన బండ్ల హెడ్‌లైట్ల మీద కూడా కోప్పడింది. ఆయన మాత్రం లారీ తాళాలు మేనేజరు బల్ల మీద పెట్టి నవ్వుతూ వచ్చేశాడు. ఇప్పుడు ఆయనకు వెలుతురు ఉందో లేదో మాత్రమే తెలుస్తుంది. అయినా ఇంట్లో ఎవరి చెయ్యీ అక్కర్లేదు. తలుపు తీస్తాడు, టీ పెడతాడు, పాలు పొంగకముందే దించుతాడు. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి కప్పు చేతికందిస్తాడు. రోజంతా లోకంతో పోట్లాడి వచ్చిన మనిషి ఆ కప్పు దగ్గర చల్లబడేది. "మా ఇంట్లో ఆయనకి కళ్ళెందుకు? ఇల్లంతా కంఠతా వచ్చు" అని అందరికీ గొప్పగా చెప్పుకునేది. విని విని కూతురు కూడా అదే నిజమనుకుంది.

ఆ కూతురు ఇళ్ళు అలంకరించే పని నేర్చుకుని సొంతంగా మొదలుపెట్టింది. తల్లి విప్పేది, కూతురు అమర్చేది. గోడకూ పరదాకూ, పరదాకూ సోఫాకూ వియ్యం కుదర్చడంలో గట్టి పిల్ల. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ దిద్దుతూ పుట్టింటిని అలా వదిలేయడం ఆమెకు చిన్నతనంగా ఉండేది. తల్లి దూరపు పని మీద లారీతోపాటు వెళ్ళినప్పుడు, తండ్రిని ఒప్పించి ఆ లోటు కాస్తా తీర్చేసింది.

టేపక్క తిరిగొచ్చి తలుపు తోసి, పొరపాటున పక్కింట్లోకి వచ్చానేమోనని ఒక అడుగు వెనక్కి వేసింది. తేనెరంగు చెక్క, బూడిదరంగు గుడ్డ. కుర్చీలన్నీ ఒకే ఎత్తు, ఒకే వీపు, ఒకే మెత్తదనం, యూనిఫాం వేసుకున్న బడిపిల్లల్లా నిలబడి ఉన్నాయి. కూతురి మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉందమ్మా?"

"నా కుర్చీలేవి?"

"అవి ఒకదానికొకటి నప్పడం లేదమ్మా. అందుకే..."

నప్పడం లేదు! ఇన్నేళ్ళూ పరాయి గేట్ల ముందు విన్న మాట. ఇప్పుడు తన ఇంట్లో, కన్నకూతురి నోట వినాల్సి వచ్చింది.

"మీ నాన్నా నేనూ నప్పామా? ఆయన నోరు విప్పరు, నేను మూయను. మాలో ఒకరిని కూడా గేటు బయట పెట్టెయ్యలేకపోయావా?"

"నేను ఒక్క అంగుళం కూడా జరపలేదమ్మా. ఏ కుర్చీ ఉన్నచోట సరిగ్గా ఆ చోటే కొత్తది పెట్టించాను, నాన్నకి ఇబ్బంది కాకూడదని. టేపుతో కొలిచి మరీ."

"బాగుందిలేవే," అన్నాడు భర్త, తలుపు పక్కన కొత్త కుర్చీలో కూర్చుని. "మెత్తగా ఉంది. పిల్ల చాలా కష్టపడింది."

కట్టుకున్నవాడే అవతలి పక్షం చేరితే ఇంకెవరితో పోట్లాడుతుంది? మింగలేక కక్కలేక ఊరుకుంది. ఊరుకోవడం అలవాటు లేని మనిషి కాబట్టి ఆమె బదులు గిన్నెలూ తలుపులూ చాలాసేపు మాట్లాడాయి.

ఆ సాయంత్రం టీ కప్పు చేతికి రాలేదు. మర్నాడూ రాలేదు. ఆయన తలుపు పక్క కుర్చీ వదలడం లేదు. మంచినీళ్ళు కూడా అడిగి తెప్పించుకుంటున్నాడు. "మెత్తటి కుర్చీ దొరికేసరికి మహారాజులైపోయారు, ఇంక వింజామరలే తక్కువ" అని ఆమె దెప్పింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. పని తప్పించుకున్నవాడు నవ్వినట్టు అనిపించి ఆమెకు ఇంకా మండింది.

ఒకరోజు పొద్దున పనికి బయల్దేరి, ఏదో మరిచిపోయి సందు చివరినుంచి వెనక్కి వచ్చింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఆయన లేచి నిలబడి ఉన్నాడు. చెయ్యి చాచి ఒక కుర్చీ వీపు తడిమాడు. అక్కడినుంచి ఇంకోదాని దగ్గరికి వెళ్ళి దాన్నీ తడిమాడు. ఆగాడు. వెనక్కి తిరిగి ముందుదాన్ని మళ్ళీ ముట్టుకున్నాడు. ఆ తర్వాత, నడిరోడ్డు మీద బండి ఆగిపోయినవాడిలా అక్కడే నిలబడిపోయాడు.

"ఎవరూ?" అన్నాడు తలుపు చప్పుడు విని.

"నేనే. ఏం చేస్తున్నారు అక్కడ?"

"టీ పెట్టుకుందామని..."

"వంటిల్లు అటు కదండీ! మీరు పడగ్గది ముందున్నారు."

"అవునా?" ఆయన చెయ్యి కుర్చీ వీపు మీదే ఉంది. "అన్నీ ఒక్కలాగే తగులుతున్నాయే. పేము తగిలితే కిటికీ వచ్చిందని తెలిసేది. కమ్ములు తగిలాక ఎడమకి తిరిగితే వంటిల్లు. రెగ్జిన్ తగిలితే మన గది. ఇప్పుడు ఏది ముట్టుకున్నా ఒకటే గుడ్డ. ఎక్కడున్నానో అర్థం కావడం లేదు."

"మరి చెప్పొద్దూ! నోట్లో నాలుక లేదా మీకు? ఇన్నాళ్ళూ బొమ్మలా కూర్చున్నారు!"

"ఏమని చెప్పను? పిల్ల ఎంతో మనసుపెట్టి చేసింది. నాకు కనపడదని ఒక్కో కుర్చీ మీదా నా చెయ్యి పెట్టించి, రంగు ఎలా ఉందో వివరంగా చెప్పింది. నాకు కుదరడం లేదంటే చిన్నబుచ్చుకోదూ?"

ఇంకొకరైతే ఏడ్చేవారు. టేపక్కకు కోపమే వచ్చింది. ఆయన మంచితనం మీద కోపం, కూతురి కొలతల మీద కోపం, కంఠతా కంఠతా అని ఊరంతా చాటిన తన నోటి మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం. ఇన్నేళ్ళూ ఆయన చేతి టీ తాగిందే గానీ, ఆ చెయ్యి ఏం పట్టుకుని వంటింటికి చేరుతోందో ఒక్కనాడూ చూడలేదు.

అక్కడే నిలబడి కూతురికి ఫోన్ చేసింది.

"నా కుర్చీలెక్కడున్నాయో చెప్పు."

"పారెయ్యలేదమ్మా, భద్రంగా ఉన్నాయి. పెద్ద రోడ్డు మీద కొత్తగా తెరిచిన కాఫీ షాపుకి నేనే అలంకరణ చేశాను. ఏ రెండూ ఒకేలా లేని కుర్చీలు కావాలన్నారు, అక్కడికిచ్చాను. ఇప్పుడు అదే అందం. వచ్చినవాళ్ళంతా ఫొటోలు తీసుకుంటున్నారు తెలుసా?"

టేపక్క ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకుంది. 

"అంటే మనింట్లో ఉంటే దరిద్రం, వాళ్ళ కొట్లో ఉంటే అందమా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! అక్కడ మీ నాన్న సొంతింట్లో దారి తెలియక నిలబడిపోయారే!"

జరిగింది చెప్పింది.  కూతురు నెమ్మదిగా అంది, "కొత్త కదమ్మా, అలవాటవుతుంది. నేను ఏదీ జరపలేదు. నాన్నకి ఇల్లంతా కంఠతా వచ్చు కదా."

తన మాటే తిరిగొచ్చి చెంపమీద కొట్టినట్టయింది. "నువ్వు ఆ కొట్టు దగ్గరికి రా. ఇప్పుడే," అని ఫోన్ పెట్టేసింది. ఆ ఇంట్లో ఆయన్ని ఒక్కణ్ణీ వదలడానికి మనసొప్పక, వద్దంటున్నా చెయ్యి పట్టుకుని బయల్దేరదీసింది.

కాఫీ షాపు నిండా జనం. గుమ్మం పక్కనే సినిమా హాలు సీటు, దాని మీద ఎవరో అమ్మాయి బ్యాగు. అవతల పేము కుర్చీలో ఒక జంట వంతులవారీగా కూర్చుని ఫొటోలు తీసుకుంటున్నారు. హెడ్మాస్టారి కుర్చీలో టై కట్టుకున్న పెద్దమనిషి కప్పు ముందు పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు. కూతురు అప్పటికే వచ్చి ఉంది. టేపక్క గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"అందంగా ఉన్నాయా? చూసి మురిసిపోతున్నారా?"

"అమ్మా, మెల్లగా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ! చూడ్డానికేగా పెట్టావు!"

ఈ గొడవలో ఆమె ఆయన చెయ్యి వదిలేసిన సంగతి ఇద్దరూ గమనించలేదు. ఆయన చెయ్యి గాల్లో కదిలి సినిమా సీటు ఇనుప చేతిని తాకింది. ఆయన మొహం విప్పారింది. తడుముకోకుండా ముందుకు నడిచాడు. పేము తగిలింది, నవ్వుతూ ఇంకా ముందుకు వెళ్ళాడు. ఇన్నాళ్ళ తర్వాత ఆయన నడకలో పాత చురుకు వచ్చింది. పెద్దమనిషి వీపు వెనక కమ్ములు చేతికి తగలగానే, ఏ అనుమానమూ లేకుండా ఎడమకు తిరిగాడు.

నుదురు అద్దాల గోడకు ఫట్టున కొట్టుకుంది. 

"నాన్నా!" కూతురు పరుగెత్తుకొచ్చింది. "అది గోడ నాన్నా!"

ఆయన నుదురు రుద్దుకుంటూ వెనక్కి చెయ్యి చాచి కమ్ములు మళ్ళీ తడిమి చూసుకున్నాడు.

"కుర్చీ ఇక్కడే ఉంది కదమ్మా," అన్నాడు. "మరి వంటిల్లేదీ?"

అన్నాక తానెక్కడున్నాడో గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.  కూతురు కమ్ముల మీదున్న ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి, తల వంచుకుని నిలబడింది. దారి పొడుగునా టేపక్క కూడబెట్టుకొచ్చిన తిట్లలో ఒక్కటీ కూతుర్ని తిట్టడానికి నోరు దాటి రాలేదు. అవి చల్లారకముందే కౌంటరు దగ్గరి మనిషి గాభరాగా వచ్చాడు.

"ఏమైందమ్మా? ఏంటి గొడవ?"

"గొడవేం లేదు. నా కుర్చీలు నేను తీసుకెళ్తున్నాను."

"అలా ఎలా తీసుకెళ్తారండీ? మా షాపు బోసిపోదూ?"

"మా ఇంట్లో కొత్త సెట్టుంది, తెచ్చుకుని వేసుకో. చక్కగా ఒకదానికొకటి నప్పుతాయి. కళ్ళున్నవాళ్ళకి ఎక్కడైనా ఒకటే!"

ఇంత జరుగుతున్నా టై కట్టుకున్న పెద్దమనిషి కదల్లేదు. కప్పు ఎత్తి, తన కాఫీ ఇంకా అయిపోలేదన్నట్టు చూపించాడు. టేపక్క ఆయన వైపు తిరిగి నోరు తెరిచింది. ఆమెకన్నా ముందు కూతురి గొంతు లేచింది, అచ్చం తల్లి గొంతులాగే.

"లేవండి సార్! అది పట్టుకునే మా నాన్న ఇంట్లో నడవాలి."