గేటు దగ్గర చిన్నమ్మ

ఆ ఫారంలో ముప్పై ఎనిమిది ప్రశ్నలు ఉండేవి. ఇప్పటికీ ఎవరైనా "చిన్న ఫారం మేడమ్, ఇట్టే నింపొచ్చు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు నేను భద్రాచలంలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. తెలంగాణ ఇంకా రాలేదు. అవతల ఛత్తీస్‌గఢ్‌లో గొడవలు ముదిరి, అక్కడి కోయ కుటుంబాలు ఉన్నపళంగా ఊళ్ళు విడిచి, అడవి దారిన ఇటు వచ్చి గుడిసెలు వేసుకుంటున్న ఏళ్ళవి. వాళ్ళ కోసం విదేశీ డబ్బుతో ఒక ప్రాజెక్టు వచ్చింది. వలస వచ్చినవారిని స్థానిక సమాజంలో కలపడం దాని లక్ష్యం. కలపాల్సిన మనిషిని నేను. నా చేతిలో ఉన్న సాధనం ఆ ఫారం.

అందులో ఒక ప్రశ్న: "తిరిగి మీ ఊరికి వెళ్ళాలనుకుంటున్నారా?" వెళ్తాం అంటే, ఎలాగూ పోయేవాళ్ళే కదా, వీళ్ళకి ఏమీ అక్కర్లేదని అధికారులు రాసుకునేవారు. వెళ్ళం అంటే, అడవిని ఆక్రమించుకోవడానికే వచ్చారని రాసుకునేవారు. ఏ జవాబు చెప్పినా తప్పే అయ్యే ప్రశ్నను తయారు చేసిన మహానుభావుడెవరో గానీ, ఆయన్ని ఒక్కసారి కలవాలని నాకు చాలా కోరికగా ఉండేది.

పినపాకలో బస్సు దిగి, ఆటో పోయినంత దూరం పోయి, ఆపైన నడిస్తే ఒక గుంపు వచ్చేది. పన్నెండు గుడిసెలు. అక్కడ ఒకామె, పదేళ్ళ కూతురితో ఉండేది. భర్త వచ్చే దారిలోనే జ్వరంతో పోయాడు. పిల్ల అవతల మూడో తరగతి దాకా హిందీ బడిలో చదివింది. ఆ బడి మూతపడింది. నేను వెళ్ళినప్పుడల్లా నా సంచి పట్టుకుని పక్కనే నడుస్తూ, "బడి ఎప్పుడు?" అని అడిగేది. తల్లికి కావలసింది కూడా అదొక్కటే. మిరపకోతలకు పోతే ఆమె పదిహేను రోజులు చేలల్లోనే ఉండాలి. పిల్ల గిరిజన ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంటే రెండు పూటలా అన్నం, గట్టి కప్పు, చదువు. ముప్పై ఎనిమిది ప్రశ్నల్లో ఆమెకు ఏం కావాలో అడిగే ప్రశ్న లేదు గనక ఆ మాట ఫారం వెనక రాశాను.

హెడ్మాస్టరు మంచివాడే. "నాకేం అభ్యంతరం లేదు మేడమ్. సీటు గూడ ఉంది. కులం సర్టిఫికెట్ తెండ్రి, ఇప్పుడే పేరు రాస్త" అన్నాడు.

తహసీల్దారు కూడా మంచివాడే. "వీళ్ళు మన రాష్ట్రపోళ్ళు కాదు గద మేడమ్. అక్కడి ఆఫీసు నుంచి ఒక లెటర్ తెస్తే జల్దీ చేసిస్త" అన్నాడు.

రెండు బస్సులు, ఒక జీపు మారి ఆ లెటర్ కోసం నేనే అవతలికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా రికార్డు చూసి, ఆ ఊళ్ళో ఇప్పుడు ఎవరూ లేరు, లేని ఊరికి లెటర్ ఎట్లా ఇస్తాం, వాళ్ళు ఉంటున్న చోటి ఆఫీసులోనే అడగండి అని హిందీలో మర్యాదగా చెప్పి టీ తెప్పించాడు. అందరూ మంచివాళ్ళే. అదే నా ఖర్మ. ఒక్కడైనా చెడ్డవాడు దొరికితే పోట్లాడేదాన్ని.

ఈలోగా మా పైఆఫీసు భద్రాచలంలో ఒక హోటల్ హాల్లో వర్క్‌షాప్ పెట్టింది. వలసల విషయంలో అంతర్జాతీయ సహకారం మీద. విదేశాల నుంచి ఇద్దరు, రెండు రాష్ట్రాల అధికారులు, మా హెడ్మాస్టరు, స్థానికుల తరఫున కోయ పెద్ద ఒకాయన, వలస వచ్చినవారి తరఫున మా తల్లీకూతుళ్ళు. సరిగ్గా ఆ రోజే బళ్ళో చేరికలకు ఆఖరి రోజు. తేదీ మార్చమని నేను మా డైరెక్టరు కాళ్ళావేళ్ళా పడ్డాను. ఫ్లెక్సీ ప్రింటయిపోయింది, ఇప్పుడెట్లా అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఉపన్యాసాలు. తర్వాత విదేశీ అతిథుల్లో ఒకావిడ, పొడుగాటి మనిషి, పిల్లను చూపించి నన్నడిగింది. ఈ అమ్మాయిని బళ్ళో చేర్చాలంటే ఎవరెవరు కావాలి? హెడ్మాస్టరు, తహసీల్దారు, అవతలి అధికారి, తల్లి అని చెప్పాను. వాళ్ళెక్కడున్నారు? ఇక్కడే, ఈ హాల్లోనే అన్నాను. ఆవిడ నా వంక చూసింది. "మరైతే?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అందరూ తహసీల్దారు వైపు తిరిగారు. ఆయన మొహం ఎర్రగా అయింది. "స్టాంపు ఆఫీసుల ఉన్నది మేడమ్" అన్నాడు.

ఆఫీసు యాభై కిలోమీటర్లు. జీపు బిర్యానీ పొట్లాలకు పోయింది. అది తిరిగొచ్చేసరికి ఆఫీసు టైము అయిపోయింది. వందన సమర్పణ దాకా ఎవరూ కదలడానికి వీల్లేదని హెడ్మాస్టరుకు ఆర్డరు. రెండు రాష్ట్రాలూ కలిసి ఒక కమిటీ వెయ్యాలని తీర్మానించి చప్పట్లు కొట్టారు. తల్లికి శాలువా కప్పారు. జూన్ ఎండకు ఆ శాలువాలో ఆమెకు చెమటలు కారుతుంటే నాకు ఏడుపొచ్చింది.

మెట్లు దిగుతుంటే ఆ కోయ పెద్ద నన్ను ఆపాడు. పొద్దుటి నుంచి ఆయన్ని ఎవరూ ఒక్క మాటా మాట్లాడనివ్వలేదు.

"ఏంది బిడ్డా, బడి కాలేదా?"

విషయం చెప్పాను. ఆయన విసుక్కున్నాడు. "గీ ముచ్చటకు ఇంత మందిని పిలిచిన్రా? వీళ్ళు వచ్చిన మొదటి దినమే నేను అడిగిన, మీ గట్టు ఏందని. మా గట్టే. ఆమె పెనిమిటి నాకు తమ్ముడి లెక్క. అందుకే నా చేను అంచుకు జాగ ఇచ్చిన."

గట్టు అంటే కోయల్లో వంశం. ఒకే గట్టు వాళ్ళు ఎక్కడ పుట్టినా అన్నదమ్ములే. రెండేళ్ళలో మేం ముప్పై ఎనిమిది ప్రశ్నలు అడిగాం. ఆయన ఒకటి అడిగి, జవాబు విని, జాగా చూపించాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన తన కులం సర్టిఫికెట్ పట్టుకుని బడికి వచ్చాడు. "నా బిడ్డ. రాసుకో సారూ" అన్నాడు. హెడ్మాస్టరు నా మొహం చూశాడు, ఆయన మొహం చూశాడు, నిన్నటి తేదీ వేసి రాసుకున్నాడు. తండ్రి పేరు దగ్గర ఆయన పేరు. తల్లి పేరు దగ్గర ఆయన భార్య పేరు.

ఇది దొంగ కాగితం అవుతుందేమోనని బయటికొచ్చాక నసిగాను. ఆయనకు కోపమొచ్చింది. "తమ్ముని బిడ్డ నా బిడ్డ గాదా? ఇందుల దొంగతనం ఏముంది?"

అక్కడితో నేను ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు. అన్నేళ్ళు కాగితాలతో బతికినదాన్ని, భయం పట్టుకుంది. ఎవరైనా ఇన్‌స్పెక్షన్‌కు వస్తే? పిల్ల నోరు జారి సీటు పోతే? తల్లినీ పిల్లనూ కూర్చోబెట్టి నేర్పించాను. బడి దగ్గర నువ్వు అమ్మవు కాదు, చిన్నమ్మవు. ఇదిగో పాపా, బళ్ళో పెద్దాయన భార్యే మీ అమ్మ, ఈమె చిన్నమ్మ. మళ్ళీ చెప్పు. పిల్ల చెప్పింది. తెలివైన పిల్ల, రెండోసారి చెప్పించుకునే అవసరం రాలేదు.

పిల్ల చేరిన మూడో ఆదివారం తల్లిని నేనే బడికి తీసుకెళ్ళాను. చర్చి కూడా మానుకుని వెళ్ళాను. ఆమె ఆకు దొప్పలో తునికిపండ్లు తెచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్ తీశాడు. "పిల్లకు ఏమైతవు?"

"చిన్నమ్మ" అంది ఆమె. నేను నేర్పినట్టే. అతను రాసుకున్నాడు.

పిల్ల వరండాలోంచి పరుగెత్తుకొచ్చింది. నూనె రాసిన జడలు, కొత్త యూనిఫాం. గేటు దాకా వచ్చి, వాచ్‌మన్‌ను చూసి, ఆగింది. నన్ను చూసింది. చేతులు కట్టుకుని, ఒక్క తప్పు లేని తెలుగులో, "చిన్నమ్మా, బాగున్నవా?" అంది.

ఈ ప్రాజెక్టు కోరుకున్న కలయిక అదే. దాన్ని విజయగాథగా రాసి పంపమని ఆ వారమే మా డైరెక్టరు అడిగాడు కూడా.

తల్లి దొప్ప పిల్ల చేతిలో పెట్టింది. జడ సవరించింది. బెల్లు కొట్టాక పిల్ల లోపలికి పోయింది. తిరిగి నడుస్తూ దారి సగం దాటాం. అప్పుడు ఆమె తన వచ్చీరాని తెలుగులో అడిగింది.

"ఎన్ని దినాలు గిట్ల?"

కమిటీ కూర్చుని తేల్చేదాకా అని చెప్పాను. ఆమె తలూపింది. నేను చెప్పింది నమ్మింది. నేను నమ్మలేదు. నాకు తెలిసి ఆ కమిటీ ఒక్కసారీ కూర్చోలేదు, ఆ పిల్ల పదో తరగతి దాకా ఆ బళ్ళోనే చదివింది.