తెలుగులో చదివి వినిపించితిని

మా కోర్టులో కొన్ని కాగితాల అడుగున ఒక వాక్యం ఉంటుంది. పైన రాసినదంతా సంతకందారుకు అతని భాషలో చదివి వినిపించి, అర్థం చెప్పి, ఒప్పుకున్నాకే సంతకం చేయించానని. చదివినవాళ్ళు దాని కింద సంతకం పెట్టాలి. నా వకీలు బతుకులో మొదటి ఆరేళ్ళు ఆ వాక్యం కిందే గడిచాయి.

మా సీనియర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలు. సాక్చీ బజార్లో వాళ్ళు హిందీలో బేరమాడుతుంటే కొట్టువాడు దండం పెట్టాల్సిందే. చదవడం దగ్గరికొచ్చేసరికి మాత్రం పెద్దవాళ్ళకి తెలుగొక్కటే వచ్చు. పైగా కోర్టు హిందీ బజారు హిందీ కాదు, విన్నా సగం అర్థం కాదు. అందుకని మా గదిలో ఒక పద్ధతి ఉండేది. వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని నేను ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పేదాన్ని. వాళ్ళు తల ఊపి, ఆ హిందీ కాగితం మీద గుండ్రటి తెలుగు అక్షరాలతో సంతకం చేసేవాళ్ళు. పక్క గదుల వకీళ్ళు కాగితం చేతికిచ్చి వేలు పెట్టి చోటు చూపించేవాళ్ళు. మేం అలాంటివాళ్ళం కాదని నాకు తగని గర్వం.

సీనియర్ మా నాన్నకి స్నేహితుడు. కద్మాలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. కోర్టులో సార్, ఇంట్లో మావయ్య. లా కాలేజీలో వృత్తి ధర్మం పేపర్లో నాకు మంచి మార్కులు వచ్చినప్పుడు మిఠాయి పెట్టె తెచ్చింది ఆయనే. ఆ పరీక్షలో ఏం రాశానని అడిగాడు. పదిమందికి మేలు జరిగితే ఆ పని మంచిదనే సిద్ధాంతం ఒకటి, ఫలితం ఎలా ఉన్నా చేసే పని తనంతట తాను సరైనదై ఉండాలనే సిద్ధాంతం ఇంకొకటి, వకీలు రెండోదాన్నే పట్టుకోవాలని రాశానని చెప్పాను. "బాగా రాశావమ్మా. రేపు నా దగ్గరికొచ్చెయ్" అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆయన దగ్గర నా నాలుగో ఏడు, బాగ్‌బేరా నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. మిషన్లలో బిగించే ఇత్తడి బుష్‌లు దొంగిలించాడని నింద వేసి ఓనరు గేటు బయటికి పంపేశాడు. లేబర్ కోర్టులో కేసు వేశాం. ఉద్యోగం పోయిందని ఆయన ఒక్కసారి కూడా కంటతడి పెట్టలేదు. ఆయన బాధ వేరే. తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధనలో కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆయనే. నింద పడ్డ వారం నుంచి ఆ సంచి ఇంకొకరి చేతికి వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదు. చేతికివ్వడం మానేశారు, అంతే.

"పని మళ్ళీ ఇయ్యకపోయినా ఫరవాలేదు పాపా. నాను దొంగని కానని ఒక కాయితం మీద వత్తే సాలు. అది అట్టుకెళ్ళి పాస్టరుగారికి సూపిత్తాను" అనేవాడు.

రెండేళ్ళు వాయిదాలు నడిచాయి. ఒక రోజు కేసు పిలుపుకి పావుగంట ముందు సీనియర్ వరండాలోకి వచ్చి నా చేతిలో రాజీ కాగితం పెట్టాడు. రెండు పేజీలు. "ఓనరు దిగొచ్చాడు. మొదటి పేజీ చదివి చెప్పు. రెండోది ఎప్పుడూ ఉండే రాతే. జడ్జిగారు లేచి వెళ్ళిపోతారు, తొందరగా కానీ" అన్నాడు.

మొదటి పేజీ చదివాను. పనిలోంచి తీసేసిన ఉత్తర్వు వెనక్కి తీసుకుంటారు, తనే రాజీనామా చేసినట్టు రాసుకుంటారు, రావలసిన డబ్బు ఇస్తారు. పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. "మరి ఆ దొంగతనం మాటో? అది తీసేసినట్టేనా పాపా?" అని అడిగాడు.

నేను సీనియర్ వైపు చూశాను. ఆయన తల ఊపాడు.

"తీసేసినట్టే" అన్నాను.

పెద్దాయన రెండో పేజీ మీద సంతకం చేశాడు. ఆ వాక్యం కింద నేను చేశాను. కళ్ళ ముందున్న పేజీ. చదవడానికి రెండు నిమిషాలు పట్టేది. మావయ్య చెప్పాడు కదా అనుకున్నాను. ఇంతకన్నా నాకు సాకు లేదు.

నాలుగు నెలల తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు. చేతిలో కోర్టు నుంచి అప్పుడే వచ్చిన ఆ రాజీ కాగితం నకలు, పక్కన కాలేజీ చదువుతున్న కూతురు. పాస్టరుగారికి ఇచ్చే ముందు ఇంట్లో ఒకసారి చదివించుకున్నాడట.

"మా గుంట ఏటో తప్పు సదివినాది పాపా. నాను దొంగతనం ఒప్పుకున్నట్టు రాసుందంటాది. నువ్వు ఒకపాలి సదివి సెప్పు" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు. కూతురిదే పొరపాటని అంత నమ్మకంగా ఉన్నాడు. రెండో పేజీ తిప్పాను. మూడో పేరాలో ఉంది. కార్మికుడు తన తప్పు అంగీకరించి పశ్చాత్తాపం తెలిపినందున, యాజమాన్యం జాలి తలచి పోలీసు కేసు పెట్టడం లేదని.

"మైనే సహీ పఢా థా న, దీదీ?" అంది ఆ పిల్ల. నేను సరిగ్గానే చదివాను కదా అని.

అవునన్నాను. పెద్దాయన నా మొహం చూశాడు, తర్వాత కాగితం చూశాడు, తర్వాత మళ్ళీ నా మొహం.

వాళ్ళని కూర్చోబెట్టి సీనియర్ గదిలోకి వెళ్ళాను. ఆయన లేడు. ఆ రాజీ కాగితాల ఫైలు కోసం బీరువా తెరిస్తే, దాని పక్కనే ఆ ఓనరు పేరుతో ఇంకో ఫైలు కనిపించింది. ఏదో స్థలం తగాదా. వకాలత్‌నామా మీద మా సీనియర్ సంతకం, తేదీ రాజీకి నెల రోజుల ముందుది. పెద్దాయన కేసు మా చేతిలో ఉండగానే అవతలివాడికీ ఈయనే వకీలు.

ఆయన వచ్చాక రెండు ఫైళ్ళూ బల్ల మీద పెట్టాను. తడబడతాడనుకున్నాను. తాపీగా కుర్చీలో కూర్చున్నాడు.

"దీనివల్ల ఎవడికి నష్టం చెప్పు? ముసలాయనకి రావలసింది వచ్చింది. ఓనరుకి గొడవ వదిలింది. ఇంకో పదేళ్ళు తిరిగినా ఆ బుష్‌లు ఎవడు తీశాడో తేలదు. అందరికీ మేలే జరిగింది."

"దొంగని కాదనిపించుకోడానికి వచ్చాడాయన. దొంగని చేసి పంపాం. మీరు తల ఊపారు మావయ్యా" అన్నాను.

"నేనేటి చదివాను? చదివింది నువ్వు. కింద ఉన్న సంతకం ఎవరిది?"

అప్పుడు అర్థమైంది. ఆరేళ్ళుగా ఆ వాక్యం కింద ఆయన ఒక్క సంతకమూ పెట్టలేదు. ప్రతిదీ నాదే. అది నా మీద నమ్మకమనుకుని మురిసిపోయాను. మిఠాయి పెట్టెతో వచ్చిన మనిషి నన్ను నమ్మించి గొంతు కోశాడు. నా గొంతొక్కటే కోసి ఉంటే ఇంత ఏడ్చేదాన్ని కాదు. నా గొంతుతోనే ఆ పెద్దాయన్ని మోసం చేయించాడు.

ఇంట్లో నాన్నకి చెప్పాను. "వాడు పెద్దోడు. ఎదురెళితే నీ లైసెన్సు పోద్దమ్మా" అన్నాడు. పోవచ్చు. చదవకుండానే చదివానని కోర్టుకి సంతకం చేసి ఇచ్చినదాన్ని.

వారంలో నా అఫిడవిట్ రాశాను. రెండో పేజీ నేను చదివి చెప్పలేదు, అడిగినప్పుడు అబద్ధం చెప్పాను, ఆ ఒప్పుకోలు ఆయనది కాదు అని. రాజీ రద్దు చేయమని పెద్దాయన పేరు మీద అర్జీ కూడా తయారుచేసి, ఆయన్నీ కూతుర్నీ కోర్టుకి రమ్మన్నాను. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అర్జీ చేతిలోకి తీసుకుని, అలవాటుగా ఆయన పక్కకి జరిగాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కోపంగా కాదు, మెల్లిగా.

"నువ్వొద్దు పాపా. మా గుంట సదూతాది."

కాగితం ఆ పిల్లకి ఇచ్చేశాను. కోర్టు హిందీలో ఒక్కో మాట దగ్గర తడబడుతూ, వచ్చీ రాని తెలుగులో అర్థం చెబుతూ, ఆఖరి అక్షరం దాకా చదివింది. ఆయన ప్రతి పేజీ తిప్పి, వెనక వైపు కూడా చూసి, సంతకం చేశాడు. చదివి వినిపించితిని అన్న వాక్యం కింద ఆ పిల్ల తన పేరు రాసింది. పెన్ను మాత్రం నాది.