అసిరమ్మత్త కడిగిన సోలార్ ప్లేట్లు

మా అసిరమ్మత్త అరిస్తే సముద్రం ఒకడుగు వెనక్కేస్తుందని ఒక అబద్ధం పుట్టించాను. పక్కూళ్ళు మూడు నమ్మాయి. నాలుగో ఊరివాళ్ళు చూడ్డానికొచ్చి, ఆవిడ గొంతు విని, సముద్రం దాకా పోకుండానే వెనక్కి తిరిగారు.

అత్తది ఎండుచేపల బతుకు. పదేళ్ళప్పుడు తట్ట నెత్తికెత్తుకుని, నలభై ఏళ్ళు నరసన్నపేట సంతకి మోసింది. మామ అప్పలసూరి వేటకెళ్ళి తిరిగి రాకపోయినా తట్ట దించలేదు. మోకాళ్ళు మొరాయించాకే దించింది. అదే ఏడు, 2016 జనవరిలో, మా ఊరి బడి వెనక ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ఆరు సోలార్ ప్లేట్లు బిగించారు. సముద్రపు గాలికి వాటిమీద దుమ్మూ ఇసకా పడితే కరెంటు ఎంత తగ్గుతుంది, కడిగితే ఎంత పెరుగుతుంది, అదీ పరిశోధన. మూడు ప్లేట్లు రోజూ కడగాలి, మూడు ముట్టుకోకూడదు. కడిగే పని అత్తకిచ్చారు. వైర్ల పని నాకిచ్చారు. నాకు చదువు లేదు. ఊళ్ళో రేడియోలన్నీ విప్పి, సగం పాడుచేసి, పని నేర్చుకున్నాను.

పరిశోధన చేసే సారు పేరు యుగంధర్. మంచివాడే, చెవులే సరిగ్గా బిగించలేదు.

మొదటిరోజే అత్త చెప్పింది. "బాబూ, ఈ బోరునీళ్ళు ఉప్పు. మిట్టమజ్జానం ఏడెక్కిన అద్దం మీద పోస్తే తెల్లగా అట్టు కడతాది. పొద్దున్నే పోసి, గుడ్డెట్టి తుడిసేస్తాను."

"గుడ్డ పెడితే గీతలు పడతాయమ్మా. పన్నెండింటికే పొయ్యి. తుడవకు. లేకపోతే లెక్క చెడిపోతుంది."

"ఏటి లెక్కో! గిన్నె కడిగి తుడవకపోతే ఏటవుతాదో మీ అమ్మనడుగు."

సారు నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చినుకు లేని నాలుగు నెలలు. నెత్తి మాడే ఎండలో, రోజూ పన్నెండింటికి, అత్త మోకాలు పట్టుకుని స్టూలెక్కేది. బకెట్టు ఎత్తి పోసేది, దిగేది. ఎక్కేటప్పుడు సారుని తిట్టేది, దిగేటప్పుడు మోకాలిని తిట్టేది. ఒక్కరోజు మానలేదు. అద్దాల మీద తెల్లపొర నేనూ చూశాను. మీటరు పట్టుకు తిరిగేవాణ్ణి, నోరు తెరవలేదు. సిగ్గులేదు నాకు.

మేలో సారు కంప్యూటర్ తెరిచి లెక్క చూసుకున్నాడు. కడిగిన ప్లేట్లే తక్కువ కరెంటు ఇచ్చాయి! అప్పుడైనా వెళ్ళి అద్దం చూడాలి కదా? చూడలేదు. తిన్నగా చేపలు ఎండబెట్టే ఇసకలోకి వచ్చి, ఆడవాళ్ళందరి ముందూ అన్నాడు.

"నువ్వు కడగటం లేదమ్మా. కడిగానని అబద్ధం చెబుతున్నావు. రేపటినుంచి రావద్దు."

ఈ ఊళ్ళో అబద్ధాలాడేవాణ్ణి నేను. ఆ పేరు అత్తకెందుకు?

పక్కింటి గురమ్మ నోరు నొక్కుకుంది. "ఒలే అసిరీ, నిజంగా కడగనేదేటే?"

సారు మాటకి కదలని అత్త ఆ మాటకి కదిలిపోయింది. నలభై ఏళ్ళు పక్కపక్కనే తట్ట మోసిన మనిషి అడిగిన మాట అది. అత్త సారు మణికట్టు పట్టుకుని బడి వెనక్కి లాక్కుపోయింది. గురమ్మ, ఇంకో పదిమంది, వెనక నేను.

ఎండుచేపలకి ఉప్పు సరిగ్గా పట్టిందో లేదో మా ఆడవాళ్ళు నాలుకతోనే చెబుతారు. అత్త కడగని ప్లేటు మీద నాలుక పెట్టి, "మన్ను" అని ఉమ్మింది. కడిగిన ప్లేటు మీద పెట్టింది. "ఉప్పు." సారువైపు తిరిగింది. "నువ్వెట్టు."

"అమ్మా, ల్యాబుకి పంపి..."

"నన్ను దొంగ అన్నప్పుడు ల్యాబుకి పంపేవేటి? ఎట్టు నాలిక!"

పెట్టాడు. పాపం, పెద్ద చదువులు చదివిన నాలుక. ముఖం ముడుచుకుపోయింది.

"సార్, నిన్న కాకి కూర్చుంది సరిగ్గా అక్కడే," అన్నాను. కాకీ లేదు, గీకీ లేదు. ఆపుకోలేకపోయాను.

సారు వేలితో అద్దం గీకాడు. గోటినిండా తెల్లపొడి. "ఉప్పే," అన్నాడు చివరికి. "రేపు పనికి రా అమ్మా. రిపోర్టులో కూడా సరిచేసి రాస్తాను."

"రాసింది నాను సదవగలనేటి? నోటితో అన్నావు, నోటితోనే సెప్పు. ఏ ఇసకలో అన్నావో ఆ ఇసకలోనే సెప్పు."

మళ్ళీ అందరం తీరానికి నడిచాం. సారు తలొంచుకుని ఏదో గొణిగాడు.

"గాలి హోరు, ఇనపడనేదు," అంది అత్త.

కొంచెం గట్టిగా అన్నాడు.

"గురమ్మకి ఇనపడనేదు."

గురమ్మకి నిక్షేపంగా వినపడింది. అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టింది, మహాతల్లి.

సారు ఈసారి గొంతు చించుకున్నాడు. "అసిరమ్మ రోజూ కడిగింది! ఉప్పునీళ్ళని ముందే చెప్పింది! తప్పు నాది!"

ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. అత్త కొంగు దోపుకుంది. కోపం ఒక్క గింజంత కూడా తగ్గలేదు.

"సరే. మంచినీళ్ళ డ్రమ్ము ఎప్పుడు తెస్తావు? గుడ్డలు నానే తెస్తాను. కడిగేది పొద్దున్నే. ఇంక పన్నెండింటికి అన్నావంటే, స్టూలు నువ్వెక్కు."