క్వైట్ నలతగా ఉంది

మా పక్కింటి విల్ఫ్రెడ్ కెండల్ చుట్టుపక్కల కొండవాలుల్లో రాతిగోడలు కట్టేవాడు. సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చే పని. ఒక మార్చి సాయంత్రం పనిలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రిలో చేర్చుకుని, రోగులను చూసే వేళ అయిపోయిందని భార్య హిల్డాను ఇంటికి పంపేశారు.

వాళ్ళింట్లో ఫోన్ లేదు. మర్నాడు పొద్దున్నే మా ఇంటి నుంచి ఆస్పత్రికి చేసింది. పెద్ద నర్సు చెప్పింది విని, ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది.

"మేజీ, 'క్వైట్ నలతగా ఉంది' అందే. హమ్మయ్య!" అంది నాతో.

మా ఇంగ్లీషులో ఆ 'క్వైట్' రెండు నాల్కల మాట. టీ క్వైట్ బాగుందంటే ఫరవాలేదని. క్వైట్ అసాధ్యమంటే బొత్తిగా కుదరదని. ఎక్కడ ఏదో ఎవరూ చెప్పరు, తెలుస్తుందనే అనుకుంటాం. హిల్డాకు మాత్రం అదెప్పుడూ 'కాస్త' అనే.

"ఇప్పుడే వెళ్ళు. మా ఆయన కారులో దింపుతాడు" అన్నాను.

"కాస్త నలతకే పరిగెత్తితే 'నేనేం చచ్చానా' అని అరుస్తాడు. మధ్యాహ్నం బస్సుకు పోదాంలే. ఆ ఆస్పత్రి కూడు ఆయన ముట్టడు, కస్టర్డ్ చేసి పట్టుకెళ్తా."

కూనిరాగం తీస్తూ ఆయన రాత్రి దుస్తులు ఇస్త్రీ చేసింది. బస్సులో ఆమె పక్కనే కూర్చున్నాను.

మేం వెళ్ళేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. నర్సు ఎదురొచ్చింది.

"ఇంతసేపు మీకోసమే చూశాడమ్మా. పొద్దున చెప్పాను కదా, క్వైట్ నలతగా ఉందని."

"కాస్త అనే కదా అన్నారు?"

నర్సు మొహం పాలిపోయింది. "బొత్తిగా అనే అర్థంలో అన్నానమ్మా. ప్రాణం మీదికొచ్చిందని ఫోన్లో ఇంకెలా చెప్పను?"

హిల్డా తెర తొలగించి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇంకా వెచ్చగానే ఉందే మేజీ" అంది.

అంత్యక్రియలయ్యాక, ఒకరోజు పెరటి గోడ దగ్గర నిలబడి అన్నాను: "ఆ నర్సు తప్పు కాదు, నీ తప్పూ కాదు హిల్డా."

"అదేనే నా ఖర్మ. ఎవరిదో ఒకరి తప్పయితే తిట్టుకుంటూ అయినా బతికేదాన్ని."

ఆమె కోళ్ళకు గింజలు చల్లి లోపలికి వెళ్ళిపోయింది.