కాముని పున్నమ నాటి ఫైటింగు

కాలుకు ఈ పట్టి ఏందని మీరు అడుగకముందే చెప్తున్న. బాయిల పడలే, బండి మీదికెళ్ళి పడలే. మొన్న ఆదివారం ఒక దొంగను తన్నిన. తన్నినంక తెలిసింది వాడెవడో. మీల ఎవలన్న నవ్విన్రనుకో, చాయ్ ఇయ్య. నిన్న బామ్ని ఊరి నుంచి జాకిట్ల కోసం వచ్చిన ముసలామె కూడా నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె జాకిట్ ఇంకో వారం కుట్ట.

నాకు ఆ సీరియల్ పిచ్చి ఉన్నదని మీకు ఎరుకే. ఎన్కటి సీరియల్, హిందీల మాట్లాడిపిచ్చి మళ్ళ వేస్తున్నరు. అండ్ల ఇన్‌స్పెక్టర్ పిస్తోలు ముట్టడు, ఉత్త చేతులు, కాళ్ళు. కార్లు పాతయి, ప్యాంట్లు కింద గంపంత వెడల్పు, దెబ్బ తాకకముందే విలన్ పడిపోతడు. అదంత నాకూ కనవడుతది. అయినా చూస్త. ఎందుకంటరా? మన దగ్గర ఏదన్న పోయిందని ఠాణాకు చెప్పుకోను పోతే మరాఠీల "ఉద్యా యా" అంటరు, రేపు రమ్మని. రేపు పోతే సాహెబ్ అహేరి టౌనుకు పోయిండంటరు. నా కోళ్ళు పోయినయి, దండెం మీది కొత్త చీర పోయింది, ఎవడన్న పట్టిండా? ఆ ఇన్‌స్పెక్టర్ రేపు రా అనడు. దొంగను పట్టుకుంటడు, నాలుగు తగిలిస్తడు, జీపు ఎక్కిస్తడు. అరగంటల న్యాయం అయిపోతది. వారమంత మంది జాకిట్లు కుట్టుకుంట, "ఇంకా కాలేదా" అని మాటలు పడుకుంట, నేను ఆ అరగంట కోసమే బతుకుతున్న. అందుకే మా ఇంట్ల ఒక రూల్ పెట్టిన. సీరియల్ నడిచేటప్పుడు ఇల్లు కాలినా నాతోని మాట్లాడద్దు. మాట్లాడితే కొడ్త.

అంతకుముందు వారం ఇన్‌స్పెక్టర్‌ను ఒక గోడౌన్ల బంధించిన్రు. ఆయన సొంత మనుషులల్లనే ఒకడు శత్రువులకు కబుర్లు మోస్తున్నడు. వాడెవడో తెలిసేటి టైముకు ఆపేసిన్రు. వారమంత నాకు అన్నం సయించలే. ఆయన జీపు డ్రైవర్ అనుకున్న. మళ్ళ ఆయనకు ఫైటింగు నేర్పిన ముసలి గురువు మీద అనుమానం. పక్కింటి సమ్మక్క అయితే గురువు దేవునసోంటోడు అని నాతోని కొట్లాటకే వచ్చింది.

సరిగ్గ మొన్నటి ఆదివారమే కాముని పున్నమ పడ్డది. మన కాముని సంగతి మీకు కొత్తనా? మంట కోసం వాడకట్టోళ్ళు ఎవలింట్ల ఏ కట్టె దొరికితే అది ఎత్తుకపోతరు. తిట్టచ్చు గని ఆపద్దు. తిట్టిన కొద్దీ వాళ్ళకు సంబురం. ఒక్కసారి వాళ్ళ చేతుల పడ్డదా, ఇగ అది కామునిది, మళ్ళ అడుగుడు లేదు. పోయినేడు నా మిషన్ ముందటి పీట పోయింది. నూనె డబ్బా మీద కూసోని కుట్టిన, నడుము ఇరిగింది. ఈసారి ఆ గుంపుకు పెద్ద మా మరిది తిరుపతి. వాని కన్ను మా ఇంటెనుక అంటెనా కట్టిన బొంగు మీద పడ్డది. ఎండిన వెదురు మంటల వేస్తే పటాకులోలె పేలుతది, అందుకే. పొద్దుగాలనే మా ఆయనకు గట్టిగ చెప్పిన, బొంగు పోయిందో నీ సంగతి చూస్తనని. సరే అన్నడు. అంతకన్న ఎక్కువ ఏనాడన్న మాట్లాడిండా ఆ మనిషి?

చీకటి పడంగ సీరియల్ మొదలైంది. రోజూ ఆ యాళ్లకు పోయే కరెంటు కూడా నా మీద దయతోని ఉన్నది. గోడౌన్ తలుపు కింది నుంచి పొగ. ఇన్‌స్పెక్టర్ కట్లు తెంపుకున్నడు. ఎవరి దిక్కో చూసి "నువ్వా?" అన్నడు. గంతే. టీవీ నిండ చుక్కలు, బుర్రుమని సప్పుడు. చూస్తే అంటెనా వైరు కిటికీల నుంచి పాములెక్క బయటికి జారిపోతున్నది.

వెనుకకు ఉరికిన. బొంగు లేదు. దడి అవతల అంటెనా గాలిల ఊగుకుంట పోతున్నది. దాని కింద ఒక మనిషి, ముఖం కనవడకుంట తువ్వాల చుట్టుకున్నడు. నాకు ఒళ్ళంత మండింది. కట్టె పోతే పోయె, ఆ "నువ్వా?" తర్వాత ముఖం చూపియ్యకుంట ఎత్తుకపోతరా! కొంగు నడుముకు చెక్కిన. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ దొంగ వెనుక ఉరకడు, పక్క సందుల నుంచి అడ్డం వస్తడు. నేనూ సమ్మక్క వాకిట్ల నుంచి అడ్డం పోయిన. ఆయన లెక్కనే "హా" అని అరిచి ఎగిరి తన్నిన.

ఆయన మనిషెత్తు ఎగురుతడు. నేను జానెడు లేచిన. కాలు ముందు ఆ మనిషి నడుముకు తాకింది, తర్వాత బొంగుకు తాకింది. ఆ మనిషి పోయి పేడకుప్పల పడ్డడు. నేను బాట మీద పడ్డ. బొంగు ఇద్దరి నడుమ పడ్డది. తువ్వాల ఊడింది. చూస్తే మా ఆయన.

గుంపు మూలమీద కనవడ్డదట. బొంగును తీస్కపోయి సమ్మక్కోళ్ళ కొట్టంల దాస్తనని, వాళ్ళు గుర్తుపట్టద్దని తువ్వాల చుట్టుకున్నడట. ఏం తెలివి! బొంగును కాపాడనీకి బొమ్మను పీకిండు.

"నాతోని ఒక్క మాట చెప్పద్దా?" అన్న.

"సీరియల్ నడిచేటప్పుడు మాట్లాడితే కొడ్తనంటివి గదనే," అన్నడు, మూతి మీది పేడ తుడుసుకుంట.

నాకు ఇంకింత కోపమొచ్చింది. ఎందుకంటే ఆ రూల్ పెట్టింది నేనే. ఇగ ఆ కోపం ఎవలి మీద తీర్చుకోవాల్నో తెల్వదు.

అంతల గుంపు రానే వచ్చింది. తిరుపతి నన్ను లేపుతడనుకున్న. వాడు ముందుగాల బొంగును లేపిండు. "వదినె, బాటల పడ్డది కాముని సొమ్ము," అన్నడు. అంటెనా విప్పి నా ఒళ్ళె పెట్టిండు, అది కాలదట, అక్కరకు రాదట. తిట్టిన. తెలుగుల తిట్టిన, మరాఠీల తిట్టిన, అవి ఒడిసినంక హిందీల తిట్టిన. వాళ్ళు నన్ను తిట్టనిచ్చి, డప్పు కొట్టుకుంట పోయిన్రు. జరసేపటికి నా బొంగు పేలిన సప్పుడు మంచంల పండుకున్న నాకు మంచిగ ఇనవడ్డది.

సరే, బొంగు పోయింది, కాలు బెణికింది, మా ఆయన వంగలేడు, వంగితే లేవలేడు. కనీసం ఆ ద్రోహి ఎవడో అదన్న తెలవాలె గదా. తెల్లారంగనే కుంటుకుంట సమ్మక్క ఇంటికి పోయిన. వాళ్ళ టీవీల బొమ్మ అద్దంలెక్క వస్తది.

"ఎవడు సమ్మక్కా? డ్రైవరేనా?" అన్న.

"నాకేమెరుక వదినె," అన్నది. "నువ్వు హా అని అరిచినవ్ గదా, టీవీ ఇడిచిపెట్టి అందరం బయటికి ఉరికినం."

ఆ పక్కింట్ల అడిగిన. వాళ్ళూ గంతే. వాడకట్టుల టీవీ ఉన్నోళ్ళంత గోడలు పట్టుకొని నన్నే చూసిన్రట. గోడౌన్ల ఏమైందో ఒక్కలంటే ఒక్కలు చూడలే. ఆ ద్రోహి ఎవడో నాకు ఇప్పటికీ తెల్వదు. అది చాలదన్నట్టు గేటు దాక సాగనంపుకుంట సమ్మక్క అడుగుతున్నది, వచ్చే ఆదివారం కూడా ఫైటింగు ఉంటదా వదినె అని.