చామంతి దండ వెనక ఆయిల్ కూలర్

విరుదునగర్‌లో మా ఎదురింటి కుర్రవాడు విజయదశమి పొద్దున తన మోటారుసైకిలు ముందు గొంతుక్కూర్చుని, పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి పట్టుకుని, ఇంజను ముందున్న ఆయిల్ కూలర్ రెక్కల సందుల్లోంచి ఎండిపోయిన గంధాన్ని గీకుతున్నాడు. ముందురోజు ఆయుధపూజకి వాళ్ళమ్మ భక్తి కొద్దీ పూసిందట. ఆ బండి కొని ఆరునెలలు కాలేదు, వేషం మాత్రం వాళ్ళ తాత కాలంనాటిది. గాలికే చల్లబడే ఇంజను, దాని ముందు నూనెని చల్లార్చడానికి చిన్న జల్లెడలాంటి కూలర్, అన్నీ కలిపి షోరూములోనే అమ్ముతున్నారు. పాతదనాన్ని కొత్తగా కొనుక్కునేవాళ్ళంటే నాకు మహా లోకువ, అందుకని కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని అతని పాట్లు చూస్తూ నవ్వుకుంటున్నాను. మధ్యలో అతను ఒకసారి ఇంజను ఆన్ చేశాడు, వేడెక్కిన ఇనుము మీద గంధం కాలిన వాసన వీధి దాటి నా దాకా వచ్చింది, దానితోపాటు చిన్ననాటి కోవిల్‌పట్టీ మా చిన్నాయనా కూడా వచ్చారు.

తొంభైల చివర కోవిల్‌పట్టిలో మా ఇల్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక వీధిలో ఉండేది. గాలి అటు తిరిగితే గంధకం వాసన, ఇటు తిరిగితే వేయించిన వేరుశెనక్కాయలూ కాగే బెల్లప్పాకమూ కలిసిన కడలైమిఠాయి వాసన, వాన పడితే నల్లరేగడి మట్టి వాసన, ఇవి మూడూ కలిపితేనే నాకు ఊరు. ఆడపిల్లలం అగ్గిపెట్టెల మీది బొమ్మ కాగితాలు కూడబెట్టి, సీమతుమ్మ నీడలో గుంటలు తవ్వి, చింతగింజలతో పందెం ఆడి ఒకరివి ఒకరు లాక్కునేవాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాకు చదవడానికి తెలుగు ఎవరూ నేర్పలేదు కాబట్టి అక్షరాల మాట ఎలా ఉన్నా, తిట్లు మాత్రం రెండు భాషల్లోనూ పుష్కలంగా వచ్చేవి.

తాత ఎవరో మిలటరీ ఆయన దగ్గర కొన్న ముసలి మోటారుసైకిలు ఆయన పోయాక మా నాయనకి వచ్చింది. నాగలాపురం వైపున్న మా మెట్టచేలకి, పత్తి పూసినా మిరప కాసినా, నాయన దాని మీదే పోయేవాడు, సెలవురోజుల్లో నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవాడు. ఎండాకాలం అది పట్టుమని పది మైళ్ళు పోయేది కాదు. ముందు చప్పుడు మారేది, తర్వాత కాళ్ళకి సెగ తగిలేది, ఆ తర్వాత ఎద్దు దున్నలేక సాలులో పడుకున్నట్టు నడిరోడ్డు మీద ఆగిపోయేది. అప్పుడు నాయన దాన్ని వేపచెట్టు కిందికి తోసి, సీసాలో నీళ్ళు రెండు చుక్కలు ఇంజను మీద చిలకరించేవాడు. దోసెపెనం మీద చిలకరించినట్టు సుయ్యిమంటే ఇంకా కూర్చోవాలి, అనకపోతే బయల్దేరొచ్చు. అంతసేపూ నాకు తాటిముంజలు, మూటకట్టుకొచ్చిన సజ్జ ముద్ద, పచ్చిఉల్లిపాయ. బండి ఆగడం నాయనకి చీకాకు గానీ నాకు పండగే.

చిన్నాయన అంటే నాయనకి తమ్ముడు. పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడు పనులు మానేసి, కోయంబత్తూరులో లేతు పట్టెడలో, అంటే వర్క్‌షాపులో, రెండేళ్ళు ఉండి, వెనక జేబులో దువ్వెన, నోటినిండా ఇంగ్లీషు ముక్కలు పెట్టుకుని తిరిగొచ్చాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఆయన్ని చూసినప్పుడల్లా నాయన అనేవాడు. మా ఇంట్లో చిన్నాయన్ని తీసిపారేయడం కూరలో ఉప్పులాగా పూటపూటకీ ఉండాల్సిందే, పెద్దవాళ్ళని చూసి పదేళ్ళ నేనూ నేర్చుకున్నాను. ఆయన మాట్లాడుతుంటే నడుం మీద చెయ్యి పెట్టి, జుట్టు దువ్వుతున్నట్టు నటించి అవ్వని నవ్వించేదాన్ని. ఆయన కూడా నవ్వేవాడు, దాంతో ఆయనంటే నాకు మరీ చులకనైంది.

ఒకరోజు పాతసామాను కొట్లోంచి ఎవరి విదేశీ బండిదో ఒక ఆయిల్ కూలర్ తెచ్చి, వాకిట్లో పెట్టి, దీన్ని మన బండికి తగిలిస్తానన్నాడు. నాయన దాన్ని కాలితో కదిపి చూశాడు.

"గాలికి ఆరే వండిరా ఇది. గాలి ఏమన్నా ఊర్లో తీరిపొయ్యిండాదా?"

"గాలి ఉండాదన్నా. లోపల నూనికి తగల్లేదు, అది ఉడుకుతానే ఉండాది. నూనిని బయటికి తెచ్చి గాలి చూపిస్తే మళ్ళా చల్లంగ లోపలికి పోతాది."

"వండికి జొరమొచ్చె, తడిగుడ్డ ఏస్తాడంట వైద్యుడు!" అని నాయన అంటే, అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

అయినా బండి ఇచ్చాడు. చిన్నాయన పదిహేను రోజులు దాని పక్కనే కూర్చున్నాడు. ఇంజను ముందున్న గొట్టానికి ఒక పట్టీ చేసి, గాలి ముందు కూలర్ రెక్కల్లోంచి దూరి వెనక ఇంజనుకి తగిలేట్టు బిగించాడు. నూనె పోవడానికొకటి, రావడానికొకటి రెండు రబ్బరు పైపులు పెట్టాడు. ఆ తర్వాత మధ్యాహ్నపు ఎండలో కయత్తారు దాకా పోయి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చాడు. నాయన వాకిట్లోకొచ్చి సీసాలో నీళ్ళు చిలకరించాడు. సుయ్యిమనలేదు. మెచ్చుకోవడం మా నాయన జాతకంలో లేదు.

"కయత్తారు ఒగ దూరమా? విజయదశమినాడు విరుదునగర్ దాకా పొయ్యి, యాడా నిలిచిపోకుండా తిరిగిరా. వస్తే ముందర కొట్టం నీదే, పట్టెడ పెట్టుకో. రాలేదా, ఇంగ ఈ కోయంబత్తూరు కతలు సాలు, ఫ్యాక్టరీలో మూటలెత్తుదువు."

చిన్నాయన ఆ సాయంత్రమే కొట్టం ఊడ్చి, పనిముట్లు ఎక్కడ వేలాడాలో సుద్దముక్కతో గోడ మీద గీతలు గీసుకున్నాడు. ఆ గీతల కింద బొగ్గుతో నేనొక గాడిద బొమ్మ వేశాను.

ఆయుధపూజనాడు మా పుస్తకాలు కూడా పూజలో పెట్టేస్తారు, కాబట్టి ఆ రోజు చదవమనేవాడు ఉండడు, నాకంతకంటే పెద్ద పండగ లేదు. కొడవళ్ళు, పారలు, కత్తిపీట, కుట్టుమిషను, బండి, కడగగలిగినవన్నీ కడిగి వరసగా పెట్టి, అరటిపిలకలు కట్టి, బొరుగులూ పుట్నాలూ బెల్లమూ కలిపి, శనగగుగ్గిళ్ళు వండి, సాంబ్రాణి వేసేవాళ్ళు. వాటన్నిటికీ గంధం కుంకుమ పెట్టడం ఆడపిల్లల పని. చిన్నాయన బండి కడిగి స్నానానికి పోయాడు. అవ్వ గంధం గిన్నె నా చేతికిచ్చింది.

"కొత్త సామాను గదే పాపా, కండ్లు పడతాయి. దానికి బాగా పెట్టు."

బాగానే పెట్టాను. బొట్లు పెడితే రెక్కల సందుల్లోకి జారిపోతున్నాయి, చూడ్డానికి బాగాలేదు. అందుకని గోడకి సున్నం మెత్తినట్టు సందులన్నీ గంధంతో పూడ్చి, నున్నగా పలక చేసి, దాని మీద ఎర్రగా మూడు బొట్లు పెట్టాను. అవ్వ దాని మీద బారెడు చామంతి దండ వేసింది. పూజలో పెట్టిన వస్తువుని మర్నాటి దాకా ముట్టుకోకూడదు, బండి ఒక ప్రయాణం చేసొచ్చేదాకా దండ తియ్యకూడదు. మా ఇంట్లో బుద్ధికి లోటుండేదేమో గానీ ఆచారానికి ఎప్పుడూ లేదు.

విజయదశమి పొద్దున చిన్నాయన ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని, నిమ్మకాయ తొక్కించి, దండతోనే బయల్దేరాడు. తమిళుల పురటాసి నెల ఎండ చురుక్కుమంటోంది. పన్నెండుకి రావాల్సినవాడు మూడైనా రాలేదు. నాలుగింటికి ఒక లారీ వచ్చి వాకిట్లో ఆగింది, వెనక మిరప బస్తాల మధ్య తాళ్ళతో కట్టిన బండి, బండి పక్కన చిన్నాయన. సాత్తూరు రాకముందే ఇంజను బిగుసుకుపోయిందట. లారీ డ్రైవరు దిగుతూనే తమిళంలో చెప్పడం మొదలుపెట్టాడు. లోడెత్తడానికి సాత్తూరుకి పోతూ చూశాడట, మళ్ళీ తిరిగొస్తూ చూశాడట, రెండుసార్లూ మనవాడు చచ్చిన బండి ముందు కూర్చుని, తుమ్మముల్లు విరిచి, కూలర్‌ని శుభ్రం చేసుకుంటున్నాడట! వీధి వీధంతా నవ్వింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్నారు, పీనుగకి తల దువ్వాడన్నారు. దండ కాలవలో పారేశాడని అవ్వ శాపనార్థాలు పెట్టింది.

"ఏమాయె?" అన్నాడు నాయన.

"నా తప్పేన్నా. పైపు సరిగా బిగించలేదు. ఊడిపాయె, నూనంతా కారిపాయె," అని చిన్నాయన నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. వేళ్ళ చివర్లు చీరుకుపోయి ఉన్నాయి. ఒంటి మీద తెల్లచొక్కా పొద్దున తొడుక్కున్నంత తెల్లగానే ఉంది, అది చూసి నేను, "పని చేసినోడి మాదిరి ఉండాడా?" అన్నాను. పెద్దవాళ్ళు మళ్ళీ నవ్వారు. నా జీవితంలో నేను కొట్టిన మొదటి చెణుకు అదే, చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను.

మర్నాటి నుంచి చిన్నాయన ఫ్యాక్టరీలో మూటలెత్తడానికి పోయాడు. కొట్టంలో నాయన మిరప బస్తాలు వేశాడు, గోడ మీది సుద్దగీతలు వాటి వెనక్కి పోయాయి. ఆ తర్వాత ఇంట్లో ఏ పని చెడినా అది చిన్నాయన కూలరే అయ్యేది. అన్నం మాడితే చిన్నాయన కూలర్, నాకు లెక్కల్లో మార్కులు తగ్గితే చిన్నాయన కూలర్.

ఇప్పుడా బండి లేదు, తూకానికి పోయింది. కొట్టం పడగొట్టి సెల్‌ఫోన్ల షాపు కట్టారు. అవ్వా నాయనా లేరు. అగ్గిపెట్టెల మీది బొమ్మలు కూడబెట్టే పిల్లలు నాకెక్కడా కనబడటం లేదు. చిన్నాయన మాత్రం, బస్తాలెత్తీ ఎత్తీ నడుం పోయాక, అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంటున్నాడు.

ఎదురింటి కుర్రవాడు గీకడం ముగించేసరికి నా కాఫీ చల్లారి, ఎండ వరండాలోకి వచ్చేసింది. రెండు గంటలు పట్టింది. సందుల్లో గంధం ఉంటే గాలి దూరదనీ, కూలరే గోడై వెనక ఇంజనుకి కూడా గాలి తగలనివ్వదనీ, గీకకుండా అలాగే నడిపితే ఇంజను బిగుసుకుపోయేదనీ, చెయ్యి దులుపుకుంటూ వాళ్ళమ్మకి చెబుతున్నాడు. లారీ దిగిన కూలర్ నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది, దాని సందుల్లో ఒక్క రవ్వ గంధం లేదు. పైపు ఊడి నూనె కారితే ఆ చొక్కా మీద ఒక్క మరకైనా ఉండాలి కదా. ఇంజను పోయిందని, దాంతోపాటు కొట్టం కూడా పోయిందని తెలిసి కూడా, ఆ మనిషి ఎండలో కూర్చుని ముల్లుతో గీకింది కూలర్ కోసం కాదు, నాయన నన్ను కొట్టకుండా ఉండటానికి. ఈ కుర్రవాణ్ణీ, చిన్నాయన్నీ, ఇన్నేళ్ళుగా ఊళ్ళో అందర్నీ తీసిపారేసిన నా నోరంటే నాకే అసహ్యం వేసింది.

ఫోన్ చేశాను. గేటు దగ్గర లారీల చప్పుడు.

"చిన్నాయనా, ఆ దినం కూలర్లో గందం నువ్వే గీకేసినావా?"

చిన్నాయన నవ్వాడు.

"ఏ గందమే పాపా? పైపు గదా ఊడె."